శాలువా కప్పి దింపేస్తున్నారు. మన మిలిటరీ తాతల మాటలు ఎవరైనా రాసిపెడుతున్నారా?

నర్సంపేట_శ్రీధర్
మొన్న జనవరి 26న మా ఊరి బడిలో జెండా ఎగరేశారు. మా వాడలో ఉండే మిలిటరీ తాతను వేదిక మీదికి పిలిచారు. 1971 యుద్ధం చూసిన మనిషి, ఎనభైకి చేరువలో ఉన్నారు. శాలువా కప్పారు, నలుగురూ ఆనుకుని నిలబడి ఫొటో దిగారు, దింపేశారు. తర్వాత గంటసేపు మైకు ఎవరెవరి చేతులు మారిందో రాయను, మీ ఊళ్లలోనూ అదే వరస. సరిహద్దు గురించి, సైనికుల త్యాగం గురించి తెగ మాట్లాడారు. సరిహద్దు చూసిన ఒకే ఒక్క మనిషి కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని విన్నారు.

ఆయన ఏ పటాలంలో పనిచేశారు, ఎక్కడికి వెళ్లారు, అక్కడ ఏం చేశారు అని అడిగిన మనిషి లేడు. పేరు కూడా చదవలేదు. ‘మన మిలిటరీ తాత’ అన్నారు, అంతే.

1962లో చైనా సరిహద్దుకు వెళ్లినవాళ్లు మా మండలంలో ఒక్కరూ మిగల్లేదు. 1965 వాళ్లలో చాలామంది ఎనభై దాటారు. 1971 వాళ్లలో అందరికంటే చిన్నవాడికి కూడా డెబ్బై దాటింది. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఎవరైనా వీళ్ల మాటలు రికార్డు చేసి పెడుతున్నారా? ఎవరూ చేయకపోతే నేనే మొదలుపెడదామని ఉంది. ఎలా అడగాలో తెలిసినవాళ్లు చెప్పండి.

గోదావరిఖని_గోపి
మా కాలనీలో అడుగుతారండీ, ఎందుకు అడగరు! ‘తాతా, ఈ నెల క్యాంటీన్ మందు కోటా తెచ్చుకున్నావా, నా బండి మీద తీసుకుపోనా’ అని.

కాకతీయ_కళ్యాణి
గోపి గారూ, నవ్వు వచ్చింది గాని మా నాన్న దగ్గరికి కూడా దసరా ముందు వారమే చుట్టాలు ఎక్కువ వస్తారు.

శ్రీధర్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. 2020 జూన్ 15న గల్వాన్‌లో అమరుడైన కల్నల్ సంతోష్ బాబు విగ్రహం సూర్యాపేటలో ఉంది. పిల్లలకు కూడా ఆయన పేరు తెలుసు. తెలియాలి కూడా. కార్గిల్‌లో ప్రాణమిచ్చిన మేజర్ పద్మపాణి ఆచార్య హైదరాబాద్ మనిషి, మహావీర చక్ర గ్రహీత, ఆయన పేరు అప్పుడే మరిచిపోతున్నాం. అది ఒక సంగతి. బతికి తిరిగొచ్చినవాడి సంగతి ఇంకా అన్యాయం. పోయినవాడికి విగ్రహం, వచ్చినవాడికి బ్యాంకులో వరుస. యుద్ధంలో ఎలా బతికావని ఎవరూ అడగలేదు, పింఛను కోసం మాత్రం ఏటా బతికే ఉన్నానని రుజువు చూపించాలి.

నిర్మల్_కొయ్యబొమ్మ
ఆ చివరి వాక్యం మా మామయ్యకు చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నారు.

లెక్కల_మాస్టారు
నా మాట కొంచెం చేదుగా ఉంటుంది. రికార్డు చేయండి, కాదనను. విన్నదంతా చరిత్ర అనుకోవద్దు. మా పక్క ఊరి పెద్దమనిషి రాజస్థాన్ సరిహద్దులో జరిగిన లాంగేవాలా పోరులో ఉన్నానని ఏళ్ల తరబడి చెబుతున్నారు. ఆ పోరు 1971 డిసెంబరు 4 రాత్రి మొదలై 5న పగలు కూడా సాగింది. ఆయన డిశ్చార్జి బుక్కులో సైన్యంలో చేరిన సంవత్సరం 1973. ఆ పోరు మీద ‘బోర్డర్’ సినిమా వచ్చాక ఆ కథలో ట్యాంకులు కూడా పెరిగాయి. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు, ఆయనకు అదే చాలు. రేపు మీరు అది రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెడితే నిజంగా అక్కడ ఉన్నవాడి మాటకూ దీనికీ తేడా ఎవరు చెబుతారు?

గోదావరిఖని_గోపి
సినిమాలో తన వేషం ఎవరు కట్టారో అడిగారా మాస్టారూ?

మాజీ_హవల్దారు_కరీంనగర్
నేను ఫిరంగి దళం. శాంతి సేనతో శ్రీలంక వెళ్లాను. కార్గిల్ సమయంలో ముందు వరసలో లేను, మందుగుండు పంపే చోట ఉన్నాను.

మాస్టారు చెప్పిన రకం ప్రతి యూనిట్‌లోనూ ఒకరిద్దరు ఉంటారు. మేము వాళ్ల కథలు విని వినోదించేవాళ్లం. వాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ మంది ఉండేది రెండో రకం. ‘నేను యుద్ధం చేయలేదు బాబూ, లారీ నడిపాను’ అని తప్పుకుంటారు. ‘నేను వంటవాడిని, నన్ను ఏం అడుగుతావు’ అంటారు. సరఫరా దళంలో డ్రైవరుగా చేసిన ఒక పెద్దాయన మా దగ్గర ఉన్నారు. 1965లో రాత్రిపూట దీపాలు ఆర్పేసి, ముందు బండి వెనక వేసిన తెల్లరంగు గుర్తు చూసుకుంటూ గుండ్లు మోసిన లారీ నడిపారు. ఆయన దృష్టిలో అది యుద్ధం కాదు, డ్యూటీ. ఆ బండి వేళకు రాకపోతే ఫిరంగి ఇనుప గొట్టం తప్ప ఇంకేమీ కాదని మేము ఎంత చెప్పినా వినరు. శ్రీధర్, మీరు మొదట వెతకవలసింది వీళ్లను. వాళ్లంతట వాళ్లు వేదిక ఎక్కరు.

ఎలా అడగాలి అన్నారు. ‘ఎంతమందిని చంపారు’ అని మొదలుపెడితే ఆ రోజుకు అంతే, లేచి పశువుల దగ్గరికి వెళ్లిపోతారు. ఏ స్టేషన్‌లో రైలెక్కారు? ట్రంకుపెట్టె మీద పేరు ఎవరు రాశారు? అన్నం తినే మనిషికి పటాలం వంటశాల లంగర్‌లో రొట్టెలు ఎన్నాళ్లకు అలవాటయ్యాయి? శిక్షణ ఇచ్చిన ఉస్తాద్ ఏ ఊరివాడు, ఎలా తిట్టేవాడు? చలికి ఏం కప్పుకున్నారు? ఇవి అడగండి. యుద్ధం దానంతట అదే వస్తుంది, రాకపోతే వదిలేయండి.

మాస్టారి అనుమానానికి కూడా మందు ఇందులోనే ఉంది. చేతిలో ఏ తుపాకీ ఉండేదో మాటల మధ్యలో అడగండి. 1962లో మనవాళ్ల చేతుల్లో ఉన్నది పాత .303 రైఫిల్, ఒక్కో గుండుకూ బోల్టు లాగాలి. 1971 నాటికి పదాతి దళం చేతుల్లోకి, తనంతట తానే గుండు ఎక్కించుకునే ఎస్ఎల్ఆర్ రైఫిల్ వచ్చేసింది. సినిమాలు చూసి చెప్పేవాడు ఇక్కడ తడబడతాడు. చేసినవాడికి దాని బరువు భుజంలో గుర్తుంటుంది.

కాజీపేట_ప్లాట్‌ఫారం
రైలు మాట వచ్చింది కాబట్టి. మా తాత కాజీపేటలో రైల్వే ఉద్యోగి. జీటీ ఎక్స్‌ప్రెస్ ఆగితే ఆకుపచ్చ ట్రంకుపెట్టె, చుట్టిన పరుపుతో దిగినవాడు ఏ ఊరి వాడైనా సరే, బస్సు దొరికే దాకా మా క్వార్టర్‌లోనే కాళ్లు కడుక్కుని టీ తాగి వెళ్లేవాడట. ఊళ్లో అమ్మానాన్నలకంటే ముందు మా నాయనమ్మ చూసేది వాళ్లను. కొందరు వెళ్లేటప్పుడు కనిపించి, వచ్చేటప్పుడు కనిపించలేదని అంటూ ఉండేది.

జమ్మికుంట_పద్మ
ఇంట్లో ఉన్న ఆడవాళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు, అందుకే రాస్తున్నాను. మా తాతయ్య 1971లో సిగ్నల్స్‌లో ఉన్నారు. అప్పటికి మా నాయనమ్మకు పంతొమ్మిదేళ్లు, ఒళ్లో మా నాన్న. పంచాయతీ రేడియో దగ్గరికి ఆడవాళ్లు వెళ్లే అలవాటు లేదు. మా ముత్తాత వెళ్లి విని వచ్చి ‘ఏమీ లేదు, తిను’ అనేవాడట, ఏం విన్నాడో చెప్పకుండా. టెలిగ్రాం అంటే చావు కబురే అని నమ్మిన రోజులు. పోస్ట్‌మ్యాన్ సైకిల్ గంట వినిపిస్తే ఇంటి వెనక్కి వెళ్లి నిలబడేదట. ఉత్తరమైతే పిలుస్తాడు, టెలిగ్రామ్ అయితే మామగారి చేతికే ఇస్తాడు అని. మనియార్డరు వచ్చిన రోజు మాత్రం ముందుకు వచ్చేది, డబ్బు కోసం కాదు, కింద చీటీ మీద ఆయన చేతిరాత రెండు ముక్కలు ఉంటాయని.

తాతయ్య ఎక్కడ పనిచేశారో ఇప్పటికీ సరిగ్గా చెప్పరు. ‘బెంగాల్ వైపు’ అంటారు. ఆ ఉత్తరాలు మాత్రం నాయనమ్మ దాచింది. కవర్ల మీద 99 ఏపీవో అని ఉంది. దీన్ని బట్టి ఏమైనా తెలుస్తుందా?

మాజీ_హవల్దారు_కరీంనగర్
తెలుస్తుందమ్మా. సైనికుడికి ఉత్తరం రాస్తే ఊరి పేరు రాయరు, యూనిట్ పేరు, కేర్ ఆఫ్ 56 ఏపీవో లేదా 99 ఏపీవో అని రాస్తారు. ఏపీవో అంటే ఆర్మీ పోస్టాఫీసు. 56 ఢిల్లీ మీదుగా వెళుతుంది, 99 కలకత్తా మీదుగా తూర్పు వైపు వెళుతుంది. మీ తాతయ్య చెప్పిన ‘బెంగాల్ వైపు’ సరిగ్గా సరిపోయింది. ఆ కవర్లను లామినేషన్ చేయించకండి, చాలామంది ఆ పని చేసి పాడుచేస్తారు. రెండు వైపులా ఫొటో తీయండి. తపాలా ముద్ర మీద ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు, తేదీ కనిపిస్తే అది ఇంకా మంచి ఆధారం.

తూర్పున ఉన్నవాళ్లకు పూర్వీ స్టార్, పడమట ఉన్నవాళ్లకు పశ్చిమీ స్టార్ ఇచ్చారు. మెడల్ పెట్టెలో ఏది ఉందో చూడండి.

లెక్కల_మాస్టారు
ఇది బాగుంది. నేను అడుగుతున్నది ఇలాంటి ఆధారమే.

విశాఖలో_వరంగల్లువాడు
మాస్టారూ, ఆధారాలు ఎన్ని ఉన్నా తేలని విషయాలు కూడా ఉంటాయి. మా పెదనాన్న నౌకాదళంలో విశాఖపట్నంలో ఉన్నారు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పెద్ద పేలుడు, కిటికీ అద్దాలు అదిరాయి అంటారు. అది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచడానికి వచ్చి హార్బరు బయటే మునిగింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన, నీటి లోపల పేలే డెప్త్ చార్జీలే ముంచాయని మన నౌకాదళం మాట, లోపలి పేలుడో, తాము వేసిన నీటి మందుపాతరో కారణమని అవతలివాళ్ల మాట. ఇంతమంది అడ్మిరల్స్ తేల్చుకోలేనిదాన్ని మా పెదనాన్న మాత్రం భోజనాల దగ్గర రెండు నిమిషాల్లో తేల్చేస్తారు. ఆయన తీర్పు నాకు అక్కర్లేదు, ఆ రాత్రి ఆయన ఏం చేస్తున్నారో చెబితే చాలు. దీపాలన్నీ ఆర్పేసిన ఊళ్లో గస్తీ తిరుగుతున్నారట, చేతిలో టార్చి ఉంది, వెలిగించే వీలు లేదు.

పరకాల_ప్రసాద్
నేను అడ్డం తిరుగుతున్నానని అనుకోవద్దు. మన జిల్లాల్లో యుద్ధం అనగానే గుర్తొచ్చేది బంగ్లాదేశ్ కాదు, రజాకార్లు. పరకాలలో 1947 సెప్టెంబరు 2న జెండా ఎగరేయబోయినవాళ్ల మీద కాల్పులు జరిగాయి, అమరధామం అందుకే కట్టారు. కడవెండిలో దొడ్డి కొమరయ్య 1946 జులై 4న నేలకొరిగాడు. ఊరూరా స్థూపాలు వాళ్లవే, పాటలు వాళ్లవే. మిలిటరీ తాతలను ఎవరూ పాడకపోవడానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదు. వాళ్లు యుద్ధం చేసిన నేలను ఊరు చూడలేదు. స్థూపం కట్టాలంటే రక్తం ఇక్కడ పడి ఉండాలి, మన లెక్క అది.

కాకతీయ_కళ్యాణి
ప్రసాద్ గారూ, మీరు చెప్పిన కారణం ఒప్పుకుంటాను, దాన్ని సమర్థనగా ఒప్పుకోను. 71లో పాకిస్తాన్ వైపు శకర్‌గఢ్‌లో పడిన రక్తం కూడా నర్సంపేట, ములుగు పిల్లలదే కదా.

పరకాల_ప్రసాద్
సమర్థించడం లేదు. పోరాటయోధుల మాటలు ఎవరో ఒకరు కూర్చుని రాశారు కాబట్టి మనకు తెలుసు, సిపాయిల మాటలు రాసే చేయి లేకపోయింది. పార్టీలకు వాళ్లతో పని లేదు. అదే చెబుతున్నాను.

వేములవాడ_వేణు
మా ఇంట్లో రెండూ ఉన్నాయి. నాన్న వైపు ముత్తాత నిజాం పదాతి దళంలో సిపాయి. 1941 డిసెంబరులో జపాన్‌వాళ్లు మలయాలో దిగినప్పుడు కోటా భారు విమానాశ్రయం కాపలాలో హైదరాబాద్ సంస్థాన దళం ఉంది, అందులో ఈయన ఉన్నాడని ఇంట్లో చెబుతారు. అమ్మ వైపు ముత్తాత నిజాం మీద తిరగబడ్డ సంఘంలో గుతప కర్రలు పట్టుకుని తిరిగినవాడు. మా తాత పెళ్లి పంక్తిలో ఈ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారట. ఒకాయన గారెలు వద్దన్నాడు, రెండో ఆయన ‘నిజాం తిండి తిన్నవాడికి మన గారెలు రుచిస్తాయా’ అన్నాడు. తర్వాత జరిగింది మూడో ప్రపంచ యుద్ధం, దానికి మాత్రం మెడల్ రాలేదు.

గోదావరిఖని_గోపి
వేణు అన్నా, గారెలు చివరికి ఎవరు తిన్నారు?

జగిత్యాల_డాక్టరు
రికార్డింగ్ ఉత్సాహంలో ఒక్కటి మరవకండి. పెద్దవాళ్లందరికీ చెప్పుకుంటే బరువు దిగుతుందనేది అన్నివేళలా నిజం కాదు. నా దగ్గరికి వచ్చే ఒక మాజీ సైనికుడు 1965 గురించి మనవడి ప్రాజెక్టు కోసం పూటంతా చెప్పి, ఆ తర్వాత చాలా రాత్రులు నిద్రపోలేదు. నిద్రలేమి అని వచ్చారు, అసలు సంగతి కోడలు చెప్పింది. యాభై అరవై ఏళ్లు తలుపు వేసి పెట్టుకున్న మనిషికి ఆ తలుపు ఎందుకు వేశారో తెలుసు. వాళ్లు ఆగితే మీరూ ఆగండి. ఒంటరిగా ఉండే మనిషి చేత సాయంత్రంపూట చెప్పించవద్దు, ఉదయం కూర్చోండి. మరుసటి రోజు మళ్లీ వెళ్లి కాసేపు పంటల గురించి, వానల గురించి మాట్లాడి రండి.

కాకతీయ_కళ్యాణి
డాక్టరు గారూ, మరీ జాగ్రత్త పేరుతో అసలు అడగకుండానే పోతున్నాం కదా. మా నాన్నకు మతిమరుపు మొదలైంది. తమిళనాడు వెల్లింగ్టన్‌లో శిక్షణ పొందిన మనిషి, మద్రాస్ రెజిమెంట్. నిన్న అన్నం తిన్నారో లేదో గుర్తు లేదు గాని, జ్వరం వస్తే ‘వీర మద్రాసీ, అడి కొల్లు’ అని పటాలం యుద్ధ నినాదం అరుస్తారు. ఇప్పుడు నేను అడిగినా ఆయన వరసగా చెప్పలేరు. మూడేళ్ల కిందట అడిగి ఉంటే చెప్పేవారు. మీరు అన్న తలుపు మా ఇంట్లో ఇప్పుడు మూయాలన్నా పడటం లేదు.

జగిత్యాల_డాక్టరు
అర్థమైంది తల్లీ. నేను అడగవద్దని అనలేదు. ఎవరిని అడుగుతున్నామో చూసి అడగమన్నాను. మీ నాన్నగారి దగ్గర వరస కోసం చూడకండి. పాత ఫొటో, టోపీ బిళ్ల, ఏదైనా చేతికి ఇచ్చి కూర్చోండి. వచ్చినంత వస్తుంది.

ఆర్మూర్_లత
చర్చ మధ్యలో డబ్బు మాట తెస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు, చాలామందికి తెలియక నష్టపోతున్నారు. 80 ఏళ్లు నిండిన పింఛనుదారుకు మూల పింఛనులో 20 శాతం అదనంగా రావాలి. 85కు 30, 90కి 40, 95కు 50, నూరేళ్లకు నూరు శాతం. మా బాపుకు 80 నిండినా రాలేదు. తిరగ్గా తిరగ్గా తేలిందేమిటంటే పాత పీపీవోలో, అంటే పింఛను ఉత్తర్వులో, పుట్టిన తేదీ గడి ఖాళీ! భర్తీ రోజున బాపును నిలబెట్టి, ఛాతీ కొలిచి, మీసం చూసి ఒక వయసు రాసుకున్నారు. అదైనా పింఛను కాగితం దాకా రాలేదు. పాన్ కార్డు, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కార్డు జతచేసి అర్జీ పెడితే కదిలింది. మీ ఇంట్లో పెద్దవాళ్ల పీపీవో తీసి ఆ గడి చూడండి.

మాజీ_హవల్దారు_కరీంనగర్
లత గారు చెప్పింది అక్షరాలా నిజం. అసలు పింఛనే లేనివాళ్లు కూడా ఉన్నారు. సిపాయికి 15 ఏళ్ల సర్వీసు నిండితేనే సర్వీసు పింఛను. 1962 తర్వాత హడావుడిగా చేర్చుకుని, రెండు యుద్ధాలు చేయించి, 15 నిండకముందే ఇంటికి పంపినవాళ్లు ఊళ్లలో కూలి చేసుకుని బతికారు. అలాంటి హవల్దారు, అంతకంటే కింది హోదావాళ్లకు, 65 దాటితే కేంద్రీయ సైనిక్ బోర్డు నుంచి నెలనెలా సాయం ఉంది. 4,000 ఉండేదాన్ని 2025 నవంబరు నుంచి 8,000 చేశారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా దరఖాస్తు చేయాలి. రికార్డు చేయడానికి వెళ్లినవాళ్లు ఈ ఒక్క కాగితం కూడా నింపించి వస్తే కథకు బదులు తీర్చినట్టు.

మంథని_మల్లేశ్
మా నాన్నకు మాజీ సైనికుల కోటాలో ఇచ్చిన భూమి ఇప్పటికీ వేరేవాళ్ల కబ్జాలో ఉంది. ఆ కార్యాలయం పేరు రాయమంటారా?

నిర్వాహకుడు
మల్లేశ్ గారూ, వద్దు. భూముల విషయానికి వేరే చర్చ తెరవండి, అక్కడ మీలాంటివాళ్లు చాలామంది కలుస్తారు. ఇక్కడ పేర్లు, సర్వీసు నంబర్లు, చిరునామాలు ఎవరూ పెట్టవద్దు. కాగితాల ఫొటోలు పెట్టేముందు నంబర్లు చెరిపేయండి.

నర్సంపేట_శ్రీధర్
హవల్దారు గారు చెప్పినట్టే చేశాను. నిన్న ఉదయం తాత దగ్గర కూర్చున్నాను. యుద్ధం ఊసెత్తలేదు. బెంగళూరులో మొదటి రోజు ఏం తిన్నారని అడిగాను. మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌లో చేరినట్టు నాకు ఇప్పటిదాకా తెలియదు. అక్కడ అందరూ ఒకరినొకరు ‘తంబి’ (తమిళంలో తమ్ముడు) అనేవాళ్లట, ఇప్పటికీ ఊళ్లో కుర్రాళ్లను కోపం వస్తే తంబి అంటారు, మేము అది ఏదో తిట్టు అనుకునేవాళ్లం.

కాసేపటికి ఆయనే 71లోకి వెళ్లారు. మందుపాతరలు తీసే పని. ఎలా కనిపెట్టేవారు తాతా అంటే, ఇంట్లోకి వెళ్లి విరిగిన గొడుగు ఊచ తెచ్చారు. వాకిట్లో బోర్లా పడుకోబోయారు, వాళ్లావిడ కోప్పడితే మోకాళ్ల మీద కూర్చున్నారు. ఊచను నిటారుగా దించలేదు. ఏటవాలుగా, మెల్లగా, మట్టిలోకి తోశారు. పైనుంచి గుచ్చితే ఒత్తిడి దాని నెత్తి మీద పడుతుంది, పక్కనుంచి వెళితే ఒంటికి తగులుతుంది, అప్పుడు చేత్తో మట్టి తీయాలి అన్నారు. ఒక చోట గుచ్చడం, బెత్తెడు జరగడం, మళ్లీ గుచ్చడం. వాకిలి సగం అలాగే దాటారు. తీసినంత మేర రెండు వైపులా తెల్ల పట్టీ పరిచేవారట, వెనక వచ్చే ట్యాంకులకు దారి తెలియడానికి. ‘ట్యాంకువాళ్లు ఆగలేదు, మేము ఇంకా తీస్తూనే ఉన్నాం, మా పక్కనుంచే వెళ్లిపోయారు’ అన్నారు. నది పేరు బసంతర్ అన్నారు. రికార్డు చేశాను, మధ్యలో కోడి కూత, మిక్సీ చప్పుడు ఉన్నాయి.

లెక్కల_మాస్టారు
శ్రీధర్, ఆయన చెప్పిన ప్రతి ముక్కా నిలబడుతుంది. శకర్‌గఢ్ సెక్టార్‌లో బసంతర్ దగ్గర 1971 డిసెంబరు 15 రాత్రి మందుపాతరల్లో దారి తీసింది 9 ఇంజినీర్ రెజిమెంట్, అది మద్రాస్ సాపర్లదే, అంటే మీ తాత చేరిన మద్రాస్ ఇంజినీర్ గ్రూప్ వాళ్లదే. మొత్తం దారి సిద్ధం కాకముందే పూనా హార్స్ రెజిమెంట్ ట్యాంకులు ముందుకు వెళ్లాయి. మర్నాడు 16న అక్కడే సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ ట్యాంకులో పోరాడుతూ పోయాడు, పరమవీర చక్ర ఇచ్చారు. పాతరలు తీయించిన మేజర్ విజయ్ రతన్ చౌదరి కూడా ఆ యుద్ధంలోనే ప్రాణం కోల్పోయారు, ఆయనకు మహావీర చక్ర. అదే 16న ఢాకాలో లొంగుబాటు సంతకాలు జరిగి, తూర్పున మొత్తం 93,000 మంది లొంగిపోయారు కాబట్టి దేశం దృష్టి అంతా అటే ఉంది. ట్యాంకువాళ్ల గురించి పుస్తకాల్లో ఉంది. వాళ్ల చక్రాల కింద నేల శుభ్రం చేసిన తంబి గురించి నేను చదవలేదు. ఆ రికార్డింగ్ నాకు పంపండి, అక్షరం పొల్లుపోకుండా రాసిపెడతాను. కోడి కూతతో సహా.

గోదావరిఖని_గోపి
మాస్టారు కరిగారు. ఈ తేదీ ఎవరైనా రాసిపెట్టుకోండి.

హనుమకొండ_సుజాత
ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను. నాకు ఒక చిక్కు ఉంది. మా బాపు మద్రాస్ రెజిమెంట్, 1965లోనూ 71లోనూ ఉన్నారు. యుద్ధం గురించి మాకు ఏమీ చెప్పకుండానే పోయారు. ట్రంకుపెట్టెలో మెడల్స్ దొరికాయి. మెడల్ మీద సర్వీసు నంబరు, పేరు చెక్కి ఉంటాయని నాకు ఈమధ్యే తెలిసింది. భూతద్దం పెట్టి చూశాను. అన్నింటి మీదా బాపు పేరే ఉంది, ఒక్కదాని మీద తప్ప. ఒక పశ్చిమీ స్టార్ మీద వేరే నంబరు, తమిళ పేరు ఉన్నాయి. బాపుది పశ్చిమీ స్టార్ వేరే ఉంది.

అమ్మను అడిగితే ‘అది ఎప్పటినుంచో ఉంది, నూనె రాసి తుడిచేవారు’ అంటుంది. ఆ మనిషి ఎవరో, మా ఇంటికి ఆ మెడల్ ఎందుకు వచ్చిందో తెలియదు.

వేములవాడ_వేణు
స్నేహితుడు యుద్ధంలో పోయి ఉంటాడు, గుర్తుగా దాచుకుని ఉంటారు.

మాజీ_హవల్దారు_కరీంనగర్
వేణూ, అంత తొందర వద్దు. యుద్ధంలో పోయినవాడి మెడల్ ఇంటివాళ్లకు వెళుతుంది, తోటి సిపాయికి ఇవ్వరు. సుజాతమ్మా, ఢిల్లీలో ఇండియా గేట్ దగ్గర జాతీయ యుద్ధ స్మారకం ఉంది, 2019లో ప్రారంభించారు. స్వాతంత్ర్యం తర్వాత విధి నిర్వహణలో ప్రాణాలిచ్చిన 25 వేలకు పైగా సైనికుల పేర్లు గోడల మీద చెక్కారు. వాళ్ల వెబ్‌సైటులో కూడా వెతకవచ్చు. ముందు అది చూడండి.

హనుమకొండ_సుజాత
చూశాను. నంబరుతో వెతికాను, పేరుతో వెతికాను, ఇంగ్లీషు అక్షరాలు రకరకాలుగా మార్చి వెతికాను. ఆ పేరు లేదు.

కాకతీయ_కళ్యాణి
అంటే ఆయన బతికే వచ్చి ఉండవచ్చు! ఇప్పుడు తమిళనాడులో ఏదో ఊళ్లో ఎనభై దగ్గర పడి, మెడల్ పోయిందని అనుకుంటూ ఉండవచ్చు.

గోదావరిఖని_గోపి
లేదా సుజాత గారి బాపు దగ్గర పేకాటలో ఓడిపోయి ఉండవచ్చు. పటాలంలో అది జరగనిది కాదని మా తాత చెప్పేవాడు. సుజాత గారూ, కోపగించుకోకండి.

హనుమకొండ_సుజాత
కోపం లేదు. అమ్మ కూడా అదే అంది, బాపు పేకాటలో ఎప్పుడూ గెలవలేదు కాబట్టి అది కాదు అని కూడా అంది.

మాజీ_హవల్దారు_కరీంనగర్
వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాస్ రెజిమెంట్ రికార్డు ఆఫీసుకు రాయండి. మెడల్ మీది నంబరు, పేరు, మీ బాపు నంబరు, ఆయన ఏ బెటాలియన్, డిశ్చార్జి అయిన తేదీ రాసి, రెండు మెడల్స్ మీద చెక్కిన పేర్ల ఫొటోలు జతచేయండి. వాళ్లు చిరునామా మీకు ఇవ్వకపోవచ్చు. మీ ఉత్తరాన్ని ఆ మనిషికో, ఆ ఇంటివాళ్లకో చేర్చమని అడగండి, ఒక మూయని కవరు విడిగా పెట్టండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ముద్రతో వెళితే త్వరగా కదులుతుంది. మెడల్ మాత్రం పోస్టులో పంపకండి.

హనుమకొండ_సుజాత
ఉత్తరం ఇంగ్లీషులో రాయగలను. లోపలి కవరులోది తమిళంలో ఉంటే బాగుంటుంది. ఇక్కడ తమిళం చక్కగా రాయగలిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కాజీపేట_ప్లాట్‌ఫారం
మా పక్క క్వార్టర్‌లో రిటైరైన గార్డు గారు ఉన్నారు, సొంత ఊరు సేలం. మీరు తెలుగులో రాసి నాకు పంపండి, ఆదివారం ఆయన చేత రాయిస్తాను. అక్షరం బాగుంటుంది, కాస్త ఎక్కువ రాస్తారు.